అరలో ఉండిపోయిన పొట్లం

పోయినవారం మన రత్నమాణిక్యాన్ని బట్టలుతికే బండ దగ్గర, మొగుడి చొక్కా జేబులో దొరికిన కాగితంతో వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకి మాణిక్యం సంగతి సరిగ్గా తెలియలేదన్నమాట. సబ్బు చేతులు కొంగుకి తుడుచుకుని, కాగితాన్ని గుప్పిట్లో నలిపి పట్టుకుని, అప్పటికే ఆమె క్లినిక్కి సగం దారిలో ఉంది.

ఆ రోజే సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసింది. రెండు నెలలుగా గోగులమొగ రేవులో కట్టేసి ఉన్న బోట్లన్నీ తెల్లారేసరికి గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్ళిపోయాయి. పల్లంరాజుగారి బోటు నడిపే సరంగు మాణిక్యం మొగుడు వెంకటరాజు. వెళ్ళేముందు విడిచిన ఇస్త్రీ చొక్కాలో ఆ కాగితం ఉంది. "మంగళవారం తప్పకుండా రండి. ఏ వేళైనా ఫోన్ చెయ్యండి" అని గుండ్రటి అక్షరాలు, కింద ఫోన్ నంబరు, దాని కింద ప్రిస్కిల్లా అని పేరు. మాణిక్యానికి అంతే చాలు.

ఎవరీ ప్రిస్కిల్లా అంటారా? ఎనిమిది నెలల కిందట ఊరి క్లినిక్కి వచ్చిన నర్సు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. స్కూటీ మీద వస్తుంది, చిన్నపిల్లల్ని కూడా అండీ అనే పిలుస్తుంది. ఆమె చేసిన తప్పల్లా మాణిక్యం ఉన్న ఊరికి రావడమే.

మాణిక్యం డాక్టరు కాదు, నర్సూ కాదు. రోజూ పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో ఒక నర్సింగ్‌హోములో పద్దెనిమిదేళ్ళు ఆయాగా చేసి వచ్చిన మనిషి. ఆ పని మానేసి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళూ ఊళ్ళో ఎవరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినా, మందుల చీటీ ముందు ఆమె గుమ్మంలోకి రావాల్సిందే. ఆమె చీటీని దూరంగా పెట్టి కళ్ళు చికిలించి, "ఇది గ్యాసుకి, ఇది ఉత్త బలానికి, ఈ రెండూ దండగ, ఇదొక్కటీ తెచ్చుకో" అంటేనే మెడికల్ షాపు మెట్లెక్కేవారు. చాలాసార్లు ఆమె చెప్పింది నిజమే అయ్యేది కూడా. "మాణిక్యం పలకరిస్తే సగం రోగం పోతుంది" అని పక్కింటి పాపాయి ముసల్ది ఊరంతా చెప్పుకునేది.

ఆ పాపాయే ఒకరోజు, "ఆ నర్సమ్మ పలకరిస్తే సగం రోగం పోతుందే మాణిక్యం" అంది. అచ్చం అదే మాట. ఆ రోజు మాణిక్యానికి అన్నం సయించలేదు. దాన్ని అసూయ అనండి, కుళ్ళుబోతుతనం అనండి, ఆమె మాత్రం దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే ఒప్పుకోవాల్సి వస్తుంది కదా.

అప్పటినుంచి క్లినిక్ తరఫున వచ్చిన చీటీ ఏదైనా సరే, "ఉంచి వెళ్ళు, తీరిగ్గా చూసి చెబుతాను" అనడం, దాన్ని బిస్కెట్ల డబ్బాలో పడెయ్యడం. తీరిక ఎన్నడూ వచ్చేది కాదు. చీటీ డబ్బాలో, మందు షాపులో, రోగం మనిషిలో. ఎక్కడివక్కడే ఉండిపోయేవి.

రెండు నెలల కిందట కుళాయి దగ్గర ఇంకో అడుగు ముందుకు వేసింది. వెంకటరాజు బోటులో పనిచేసే కలాసీ చినబాబు తన తండ్రి చీటీ తెచ్చి చూపిస్తే, "రక్తం పలచన చేసే మందంట! అది మింగి వల పట్టుకుంటే, చెయ్యి తెగితే ఇంక రక్తం ఆగుద్దా? వేట చేసేవాళ్ళ సంగతి ఆ పిల్లకేం తెలుసు?" అని నలుగురిలో నవ్వింది. అందరూ నవ్వారు, వెంకటరాజు కూడా నవ్వాడు. నర్సింగ్‌హోములో ఆ మాత్ర ఒక్క పూట తప్పితే డాక్టరుగారు ఆయాల్ని కూడా తిట్టిపోసేవారని మాణిక్యానికి గుర్తులేక కాదు. ఆ మందు పేరు ముందు ప్రిస్కిల్లా నోట వచ్చింది. అదొక్కటే దాని తప్పు.

ఇక మొగుడి సంగతి. నెలన్నర నుంచి మంగళవారం, శుక్రవారం ఇస్త్రీ చొక్కా, మెడకి పౌడరు, క్లినిక్కి ప్రయాణం. ఇంట్లో నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి అక్కడ వరండాలో నవ్వుతుండగా ఆమె కళ్ళారా చూసింది. నాలుగు రోజుల కిందట రొయ్యలు వొలుస్తుంటే వచ్చి పక్కన కూర్చుని, "మాణిక్యం, వలలో చెయ్యి తెగితే రక్తం ఆగడానికి ఎంతసేపు పడుతుందంటావు?" అని అడిగాడు.

"నన్నెందుకు అడగడం? ఆ ప్రిస్కిల్లాని అడగరాదూ? మెత్తగా చెబుద్ది" అంది.

వెంకటరాజు లేచి వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడే అలా లేచి వెళ్ళిపోతాడని ఆమె ఖాయం చేసుకుంది. ఇదుగో, ఇప్పుడు కాగితం కూడా దొరికింది.

క్లినిక్ వరండాలో పాపాయి బల్ల మీద కూర్చుని ఉంది. ప్రిస్కిల్లా ఆవిడ చేతికి బీపీ పట్టీ చుడుతోంది.

"ఏమ్మా, ఊళ్ళో మగాళ్ళకి కాగితాలు రాసి జేబుల్లో పెట్టడమేనా నీ ఉద్యోగం?" అంది మాణిక్యం మెట్ల మీంచే.

ప్రిస్కిల్లా తలెత్తి చూసింది. "కూర్చోండి మాణిక్యంగారూ. పాపాయిగారి బీపీ చూసేసి మాట్లాడతాను."

"కూర్చోడానికి రాలేదు. మా ఆయన మంగళవారం వస్తాడు, శుక్రవారం వస్తాడు. పౌడరు రాసుకుని మరీ వస్తాడు. నీ దగ్గర నవ్వుతాడు. నా కళ్ళతో చూశాను. నవ్వలేదని చెప్పు చూద్దాం!"

"నవ్వేవారండి" అంది ప్రిస్కిల్లా.

మాణిక్యం ఆ జవాబు ఊహించలేదు. కాదు, లేదు, దేవుడి మీద ఒట్టు అంటుందనుకుని, దానికి తగ్గ తిట్లు దారి పొడుగునా కూడబెట్టుకుని వచ్చింది. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"మందులు కొన్నారా అని నేను అడిగినప్పుడల్లా నవ్వేవారు" అంది ప్రిస్కిల్లా పట్టీ విప్పుతూ. "ఇవాళ కొంటానండి, రేపు కొంటానండి అని. పన్నెండుసార్లు అడిగాను. పన్నెండుసార్లూ నవ్వారు."

"ఏం మందులు?"

"మీ చేతిలోనే ఉంది కదండీ. ఇటు కాదు, అటు తిప్పండి."

మాణిక్యం గుప్పిట విప్పింది. ఊరందరి చీటీలూ తిప్పి తిప్పి చదివే మనిషి, తన మొగుడి జేబులో దొరికిన కాగితానికి రెండోవైపు ఉంటుందని తలచుకోలేదు. మడత విప్పి తిప్పింది. అమలాపురం గుండె డాక్టరు చీటీ. పైన వెంకటరాజు, యాభై నాలుగేళ్ళు. కింద రెండు మందులు. రెండోదాని పేరు చదవడానికి ఆమెకి కళ్ళు చికిలించాల్సిన అవసరం రాలేదు.

"గుండె లయ తప్పి కొట్టుకుంటోందండి" అంది ప్రిస్కిల్లా. "నెలన్నర కిందట ఇక్కడే నాడి చూస్తుంటే నాకు అనుమానం వచ్చింది. అమలాపురం పంపాను. ఈసీజీ తీసి డాక్టరుగారు ఇవి రాశారు. రెండోది రక్తం గడ్డ కట్టకుండా ఉంచేది. గడ్డ కట్టి తలకెక్కితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళలో మూతి పక్కకి పోయినవాళ్ళని, ఒక చెయ్యి చచ్చుబడినవాళ్ళని ఎంతమందిని మంచాల మీద తిప్పి పడుకోబెట్టిందో ఆమెకే లెక్క తెలీదు. అయినా ఆ క్షణంలో మాణిక్యం గుండెలో ముందు లేచింది భయం కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, లేచింది మళ్ళీ ఆ కుళ్ళే. ముప్ఫై ఏళ్ళుగా తన పక్కన పడుకున్న మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో తనకంటే ముందు ఈ పిల్లకి తెలిసింది.

"నెలన్నర నుంచి నీకు తెలుసా?" అంది. "నాకు చెప్పలేదు. నీకు చెప్పాడు, నాకు చెప్పలేదు."

"మీకు ఎలా చెప్పాలనే నన్ను అడిగేవారండి. 'మా మాణిక్యానికి కోపం రాకుండా ఈ మాట ఎలా చెప్పమంటారమ్మా' అని. నాకింకా పెళ్ళే కాలేదు, నేనేం చెబుతాను? నేను వచ్చి మాట్లాడతానంటే వద్దనేవారు. మీ మనసు కష్టపడుతుందని. అందుకే, కనీసం ఏ వేళైనా ఫోన్ చెయ్యండని వెనకాల రాసిచ్చాను."

పాపాయి బల్ల మీద ఇబ్బందిగా కదిలింది. "నా చీటీ కూడా దాని డబ్బాలోనే ఉందమ్మా" అంది ఎవరినీ చూడకుండా. "అడుగుదామంటే మొహమాటం."

"పాపాయిగారొక్కరే కాదండి" అని ప్రిస్కిల్లా రిజిస్టరు తీసింది. "కొత్తగా మందు రాస్తే కొననివాళ్ళు ఈ ఊళ్ళో పద్నాలుగు మంది. పక్క ఊళ్ళలో ఇలా లేదు. ఎందుకు కొనలేదంటే అందరిదీ ఒకటే మాట, మాణిక్యంగారికి ఇచ్చాం, ఇంకా చెప్పలేదు అని. మీమీద కోపంతో అనట్లేదండి. నేను చెబితే వాళ్ళు కొనరు. మీరు చెబితే కొంటారు. అంత మాట చెల్లే మనిషి మీరు, దాన్ని డబ్బాలో పెట్టుకుని కూర్చుంటే నేనేం చెయ్యను?"

"నేనెవర్నీ కొనొద్దనలేదు."

"కొనమని కూడా అనలేదు కదండీ."

మాణిక్యం కాగితాన్ని మళ్ళీ గుప్పిట్లో మడిచింది. "మా ఇంటి మనిషి సంగతి నేను చూసుకుంటాలే" అని ఒక మాట విసిరి మెట్లు దిగేసింది. ఓడిపోయినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి విసరాలి కదా.

దారిలో ఒకటే ఆశ. కొనే ఉంటాడు. తనకి తెలిస్తే రభస అవుతుందని దొంగచాటుగా కొని, బోటులోనే ఎక్కడో దాచుకుని వేసుకుంటూ ఉంటాడు. అలా చేసి ఉంటే బావుణ్ణు. ఆ దొంగతనాన్ని క్షమించడానికి మాణిక్యం అప్పటికే సిద్ధంగా ఉంది.

మెడికల్ షాపులో గణేష్‌బాబు ఒక్కడే ఉన్నాడు. "మా ఆయన ఇది తీసుకెళ్ళాడా?" అని చీటీ బల్లమీద పెట్టింది.

గణేష్‌బాబు చీటీ వైపు చూడకుండానే వెనక్కి తిరిగి, పై అరలోంచి ఒక పొట్లం తీశాడు. బ్రౌన్ కవరు, రబ్బరుబ్యాండు, పైన పెన్నుతో 'వెంకటరాజు గారు' అని. దుమ్ము దులిపి ఆమె ముందు పెట్టాడు.

"ఆయ్, ప్యాక్ చేసి నెలన్నర అయిందండి. చేతిలోకి తీసుకున్నారు కూడానూ. ఇంతలో 'ఇందులో రక్తం పలచన చేసేది ఉందా బాబూ' అన్నారు. ఉందండీ అన్నాను. 'అయితే ఉంచు. పలచన రక్తంతో వల పట్టకూడదని మా ఆవిడ చెప్పింది, ఇంటికెళ్ళి అడిగొస్తాను' అన్నారండి. డాక్టరుగారు రాశారు కదండీ, పట్టుకెళ్ళండీ అంటే వినలేదు. 'డాక్టరుకి వేట సంగతి తెలీదు. మా మాణిక్యానికి తెలీని మందు లేదు' అని ఎంతో గొప్పగా చెప్పేరు. అడిగొస్తారు కదా అని పక్కన పెట్టేను."

అడిగాడు. రొయ్యలు వొలుస్తుంటే పక్కన కూర్చుని అడిగాడు. ఎంతసేపటికి ఆగుతుందని. ఏం జవాబు చెప్పి పంపిందో మాణిక్యానికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

పొట్లం పట్టుకుని రేవుకి పరుగెత్తింది. వెంకటరాజుకి ఫోను చేస్తే అందుబాటులో లేదని చెబుతోంది. ఐసు ఫ్యాక్టరీ పక్కన షెడ్డులో పల్లంరాజుగారు, ఇంకో నలుగురు బోట్ల యజమానులు టీ తాగుతున్నారు. బల్లమీద వైర్‌లెస్ సెట్టు గరగరమంటోంది.

"పల్లంరాజుగారండీ, మా ఆయన్ని వెనక్కి పిలవండి."

"ఏంటమ్మా, రెండు నెలల తర్వాత మొదటి వేట. వెళ్ళి అయిదు గంటలు కాలేదు. ఏమని పిలవమంటావు?"

మాణిక్యం చేతిలోని పొట్లం చూపించింది. "మందులు మర్చిపోయాడు."

"వారంలో వచ్చేస్తాడుగా."

"మర్చిపోలేదండి" అంది. "నేను కొననివ్వలేదు."

పల్లంరాజుగారు ఆమె మొహం చూసి గ్లాసు కింద పెట్టారు. సెట్టు అందుకుని రెండుసార్లు వెంకటరాజుని పిలిచారు. గరగర తప్ప ఏం రాలేదు. "ఇంజను చప్పుడులో వినపడి ఉండదు. నువ్వు మాట్లాడు, నీ గొంతైతే గుర్తుపడతాడు" అని ఆమె చేతికిచ్చారు. "చూసి మాట్లాడమ్మా. ఇందులో ఒక బోటుకి చెబితే అన్ని బోట్లకీ వినబడుద్ది."

అన్ని బోట్లకీ అంటే ఊరంతటికీ. డబ్బాలో చీటీలున్న ఇళ్ళ మగాళ్ళందరికీ. షెడ్డులో ఈ అయిదుగురికీ. రేపటికి ప్రిస్కిల్లాకీ తెలుస్తుంది. మాణిక్యం సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది.

"ఏమయ్యా, నేనే, మాణిక్యాన్ని. విను. కుళాయి దగ్గర నేను చెప్పిన మాట తప్పు. ఆ మందు వేసుకోవాలి. చెయ్యి తెగితే రక్తం కాస్త ఆలస్యంగా ఆగుద్ది, గుడ్డ కట్టుకుని గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగుద్ది. దాని గురించి మానెయ్యకూడదు. నాకు అప్పుడూ తెలుసు. ఆ నర్సమ్మ మీద కుళ్ళుతో అలా అన్నాను. వింటున్నారా, అందరూ వినండి. నా దగ్గర చీటీలున్న వాళ్ళందరూ మందులు కొనుక్కోండి. ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టు. ఏమయ్యా, నువ్వు వెనక్కొచ్చెయ్. నేను రేవులో మందు పట్టుకుని ఉన్నాను."

సెట్టు గరగరమంది. చివరికి ఒక గొంతు వచ్చింది. వెంకటరాజుది కాదు, అతని బోటులో ఉన్న చినబాబుది.

"అక్కా, మేము ఎలాగూ వెనక్కే వస్తున్నాం. నేనే పిలుద్దామనుకుంటున్నాను. బావ చుక్కాని పట్టుకోలేకపోతున్నాడు. కుడి చెయ్యి లేవట్లేదు. ఏదో అంటున్నాడు, మాట ముద్దగా వస్తంది. నీ పేరే అంటున్నాడనుకుంటా."

మాణిక్యం ఏడవలేదు. పద్దెనిమిదేళ్ళు విన్న ప్రశ్న ఆమె నోట దానంతటదే వచ్చింది. "ఎన్నింటికి మొదలైంది, చినబాబూ? టైము చెప్పు."

"తొమ్మిదిన్నర."

గోడ గడియారంలో పది దాటి పది నిమిషాలు. పక్షవాతానికి సూది పనిచెయ్యాలంటే మొదలైన నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలని ఆమెకి తెలుసు. "ఎక్కడున్నారు?" అని పల్లంరాజుగారు సెట్టు లాక్కుని అడిగారు. జవాబు విని తల అడ్డంగా ఊపారు. "మొగ దగ్గరికి రెండు గంటలు పడుద్ది. వచ్చినా లాభం లేదు. ఇప్పుడు ఆటు, నీళ్ళు తీసేసి ఉంటాయి. మధ్యాహ్నం పోటు వస్తే గాని బోటు లోపలికి రాదు."

మాణిక్యం చేతిలో పొట్లం వైపు చూసుకుంది. నెలన్నరగా ఇవ్వాల్సిన మందు. ఇప్పుడు ఎదురుపడినా ఇవ్వకూడదని, తలలో గడ్డ కట్టిందో నరం చిట్లిందో స్కానులో తేలేదాకా నోట్లో ఒక్క మాత్ర వెయ్యకూడదని ఊళ్ళో తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు తను.

"చినబాబూ, మీ బావని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏం పొయ్యకు. మంచినీళ్ళు కూడా వద్దు" అని సెట్టులో చెప్పి, రెండో చేతిలో నలిగిపోయిన చీటీని బల్లమీద పరిచి చదును చేసింది. ఈసారి మందుల వైపు కాదు, వెనకవైపు. గుండ్రటి అక్షరాలు, కింద పది అంకెలు. పొద్దున్న ఏ అంకెల్ని చూసి రగిలిపోయిందో ఆ అంకెల్నే ఒక్కొక్కటీ వేలు పెట్టి ఫోనులో నొక్కింది.

"ప్రిస్కిల్లా గారండీ" అంది, అవతల ఇంకా ఎవరూ ఎత్తకుండానే.

ఫోను మోగుతూనే ఉంది.